చప్పట్లు సరే, సెలవు మాటేమిటి?

(మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహమ్మారి కాలంలో ఆరోగ్య కార్యకర్తల మీద, ప్రజల మీద పడిన మానసిక భారం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఇది సైకియాట్రిస్టులు మాట్లాడవలసిన విషయం కదా, మన సంఘాలకు దీనితో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను దీన్ని హక్కుల సమస్యగానే చూస్తున్నాను, అలాగే మాట్లాడతాను. కోవిడ్ రోజుల్లో ఇంతమంది మనసులు చెదిరిపోవటానికి వైరస్ ఒక్కటే కారణం కాదు. మాస్కు ఇవ్వకుండా డ్యూటీకి పంపటం, నెలల తరబడి డబ్బులు ఆపటం, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమనటం, అడిగినవాళ్ళ నోరు నొక్కటం, ఇవన్నీ మనుషులూ ప్రభుత్వాలూ చేసిన పనులు. వీటి వల్ల వచ్చిన బాధకు నిద్రమాత్ర ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని కూడా అడగాలి.

2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా వాకిట్లో నిలబడి చప్పట్లు కొట్టింది, పళ్ళాలు మోగించింది. మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. హైదరాబాదు గాంధీ ఆసుపత్రి మీద కూడా చల్లాయి. సరిగ్గా ఆ వారాల్లోనే వరంగల్లులో, ఢిల్లీలో ఇళ్ళవాళ్ళు డాక్టర్లను గదులు ఖాళీ చెయ్యమన్నారు. ఏప్రిల్ 1న గాంధీలోనే ఒక రోగి చనిపోతే బంధువులు డాక్టరు మీద చెయ్యి చేసుకున్నారు. ఆ నెలలోనే నెల్లూరుకు చెందిన ఒక ఎముకల డాక్టరు కోవిడ్‌తో చెన్నైలో చనిపోతే అక్కడి శ్మశానంలో దహనానికి అడ్డుపడ్డారు. మరి కొద్దిరోజులకే ఆ నగరంలో ఇంకో డాక్టరు అంత్యక్రియలకు వెళ్ళినవాళ్ళ మీద రాళ్ళు, కర్రలతో దాడి జరిగింది. చప్పట్లు కొట్టిన చేతులూ, రాళ్ళు విసిరిన చేతులూ ఒకే సమాజానివి. పొగడ్తనూ వెలివేతనూ ఒకే నెలలో చవిచూసిన మనిషి మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి.

అంకెలు కొన్ని చెప్పి త్వరగా ముందుకు వెళతాను. మహమ్మారి మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. అంతకుముందు 2021 అక్టోబరులో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం 2020లో అదనంగా 7 కోట్ల 60 లక్షల మందికి ఆందోళన రుగ్మత వచ్చిందని లెక్క కట్టింది. వాళ్ళలో దాదాపు 5 కోట్ల 20 లక్షల మంది ఆడవాళ్ళు. ఆడవాళ్ళ మనసు బలహీనం కాబట్టి ఇలా జరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి. బడి మూసేస్తే పిల్లల్ని ఎవరు చూశారు? ముసలివాళ్ళకు జ్వరం వస్తే పక్కన ఎవరు కూర్చున్నారు? ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళను గేటు దగ్గరే ఆపేస్తే ఆ నెల జీతం ఎవరిది పోయింది? కొట్టే మొగుడితో ఇరవైనాలుగు గంటలూ ఒకే గదిలో ఎవరు ఉన్నారు? లాక్‌డౌన్ మొదలైన కొద్దిరోజులకే జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింస ఫిర్యాదులు పెరిగాయి. ఏప్రిల్ 10న వాట్సాప్ నంబరు ఒకటి విడిగా పెట్టవలసి వచ్చింది. ఫోను కూడా భర్త చేతిలోనే ఉండే ఇంట్లో ఆ నంబరు ఎంతమందికి అందిందో మనకు తెలిసిన సంగతే.

ఇక ఆరోగ్య కార్యకర్తల దగ్గరకు వద్దాం. ప్రపంచంలో ఆరోగ్య రంగంలో పనిచేసేవారిలో సుమారు 70 శాతం స్త్రీలే. మన దేశంలో ఈ నిచ్చెనకు అడుగు మెట్టు మీద ఉన్నది ఆశా వర్కర్లు, దాదాపు పది లక్షల మంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు వాళ్ళను ఉద్యోగులుగా తీసుకోలేదు. ఊరి కోడలై ఉండాలి, వెయ్యి మంది జనాభాకు ఒకరు ఉండాలి, స్వచ్ఛందంగా పనిచెయ్యాలి, చేసిన పనికి పారితోషికం తీసుకోవాలి అన్నారు. అంటే ఆమె కార్మికురాలు కాదు. కార్మికురాలు కాకపోతే సెలవు లేదు, పీఎఫ్ లేదు, పింఛను లేదు. ఇక్కడ ‘సేవ’ అనే మాట చాలా పని చేస్తుంది. ఆడవాళ్ళు ఇంట్లో చేసేదీ సేవే, ఊళ్ళో చేసేదీ సేవే. సేవకు గంటలు ఉండవు, కూలి రేటు ఉండదు, అలసిపోయే హక్కు ఉండదు.

కోవిడ్‌లో ఈ ‘సేవ’ ఏమిటో మీలో చాలామంది కళ్ళారా చూశారు. బయటి నుంచి ఊళ్ళోకి ఎవరు వచ్చారో రాసుకోవటం, వాళ్ళను ఇంట్లోనే ఉండమని చెప్పటం, ఇంటింటికీ తిరిగి జ్వరం సర్వే చెయ్యటం, ఆక్సీమీటరు పెట్టి చూడటం, మందుల కిట్లు అందించటం, పాజిటివ్ వచ్చిన మనిషిని అంబులెన్సు ఎక్కించటం, తర్వాత టీకాకు ఒప్పించటం. వీటి కోసం గర్భిణుల పని, బాలింతల పని ఆగిందా అంటే ఆగలేదు. కోవిడ్ పనికి కేంద్రం అదనంగా ఇస్తామన్నది నెలకు 1,000 రూపాయలు. రోజుకు ముప్పై మూడు రూపాయలు. దానికి కూడా ఎదురుచూడవలసి వచ్చింది.

డబ్బు కన్నా ఎక్కువగా వాళ్ళను కుంగదీసింది ఊరితో ఉన్న సంబంధం తెగిపోవటం. ఇది మనం బాగా అర్థం చేసుకోవాలి. ఆశా వర్కరు బయటి నుంచి జీపులో వచ్చి వెళ్ళిపోయే ఉద్యోగి కాదు. ఆ వీధిలోనే ఉంటుంది, ఆ బోరింగు దగ్గరే నీళ్ళు పట్టుకుంటుంది. ఎవరిని పాజిటివ్ అని రాసిందో వాళ్ళ ఇంటి ముందు నుంచే రోజూ నడవాలి. ‘నువ్వే మా పేరు ఎక్కించావు’ అని తిట్టించుకుంది. ‘నువ్వే ఇంటింటికీ తిరిగి అంటిస్తున్నావు’ అని కూడా అనిపించుకుంది. బెంగుళూరులో 2020 ఏప్రిల్‌లో సర్వేకు వెళ్ళిన ఆశాల చేతిలో కాగితాలు, ఫోను లాక్కుని వెంటబడ్డారు. అక్కడ జనం పౌరసత్వ జాబితా భయంతో ఉన్నారు. ప్రభుత్వం మీద ఉన్న అపనమ్మకం అంతా, ప్రభుత్వం తన మనిషి అని ఒప్పుకోని ఒక ఆడమనిషి మీద పడింది.

ఇంటికి వెళితే అక్కడ ఇంకో భయం. పసిపిల్లను ఎత్తుకోవచ్చా? అత్తగారికి అన్నం పెట్టవచ్చా? పశువుల కొట్టం పక్కన విడిగా పడుకున్నవాళ్ళు, వాకిట్లోనే స్నానం చేసి గాని లోపలికి పోనివాళ్ళు ఎందరో ఉన్నారు. నిద్రపట్టకపోవటం, గుండెదడ, ఊరికే కన్నీళ్ళు రావటం, ఫోను మోగితే ఒళ్ళు వణకటం, తిండి సహించకపోవటం, పిల్లల మీద అకారణంగా విసుక్కోవటం. ఆశాలు వీటిని మానసిక జబ్బు అని చెప్పుకోరు. ‘నీరసంగా ఉందమ్మా’, ‘ఒళ్ళంతా నొప్పులు’, ‘తల తిమ్మిరిగా ఉంది’ అంటారు. పీహెచ్‌సీలో రక్తహీనత మాత్రలు ఇచ్చి పంపిస్తారు. వినటానికి వెళ్ళే మనం ఈ భాష తెలుసుకుని వెళ్ళాలి.

2020 ఆగస్టు 7, 8 తేదీలలో దేశవ్యాప్తంగా ఆశాలు సమ్మె చేశారు. లక్షల మంది పాల్గొన్నారు. రక్షణ పరికరాలు, సరైన వేతనం, కార్మికులుగా గుర్తింపు వాళ్ళ డిమాండ్లు. మనోధైర్యం ఇచ్చే ఉపన్యాసాలు కావాలని వాళ్ళు అడగలేదు. నా దృష్టిలో ఆ డిమాండ్ల పత్రం కన్నా మంచి మానసిక ఆరోగ్య పత్రం ఆ ఏడాది రాలేదు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ఇచ్చింది. సంతోషమే. వాళ్ళు కార్మికులని గుర్తించాలని 45వ భారత కార్మిక సదస్సు 2013లోనే సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఎప్పటి నుంచో ఫైళ్ళలోనే ఉంది.

నర్సుల సంగతి కొంచెం వేరు. వాళ్ళు చావును దగ్గరగా, పదే పదే చూశారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మంచాలు చాలలేదు, ఆక్సిజన్ చాలలేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మే 10 రాత్రి ఆక్సిజన్ ట్యాంకరు రావటం ఆలస్యమై, కొద్ది నిమిషాలు ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. అక్కడ డ్యూటీలో ఉన్న సిస్టర్ల గురించి ఆలోచించండి. ఏం చెయ్యాలో వాళ్ళకు తెలుసు, చెయ్యటానికి చేతిలో ఏమీ లేదు. ఎదురుగా కళ్ళు తేలేస్తున్న మనుషులు, వెనక నుంచి కోపంతో వస్తున్న బంధువులు. అలాంటి రాత్రి తర్వాత మనిషిని పట్టుకునేది మామూలు భయం కాదు, ‘నా వల్లే పోయారేమో’ అన్న అపరాధ భావం. ట్యాంకరు ఆలస్యానికి బాధ్యత ఎక్కడో పైన ఉంటుంది, అపరాధ భావం మాత్రం వార్డులో నిలబడిన ఆడమనిషి మోస్తుంది. మళ్ళీ మరునాడు అదే వార్డు, అదే పీపీఈ సూటు. ఆ సూటు వేసుకుంటే నీళ్ళు తాగటానికి లేదు, మూత్రానికి పోవటానికి లేదు. నెలసరి వచ్చినవాళ్ళ అవస్థ గురించి ఏ మార్గదర్శకాలు రాసినవాళ్ళకూ తట్టినట్టు లేదు.

ఆ నర్సులలో చాలామంది అవుట్‌సోర్సింగ్ వాళ్ళు. గాంధీ ఆసుపత్రిలో 2020 జూలైలో వాళ్ళు విధులు ఆపి బయటకు వస్తే గాని 17,500 ఉన్న జీతం 25,000 కాలేదు. ఏడాది తిరిగాక, 2021 జూలైలో, కోవిడ్ కోసం తీసుకున్న వెయ్యి మందికి పైగా నర్సులను తెలంగాణలో తీసేశారు. అవసరం తీరింది కదా! వాళ్ళు మళ్ళీ హైదరాబాదు రోడ్ల మీద కూర్చోవలసి వచ్చింది. నిన్నటి దాకా దేవత, ఇవాళ ఖాళీ లేదు పొమ్మన్నారు. ఇంత జరిగాక ఆమెకు నిద్రపట్టటం లేదంటే, అది ఆమె మెదడులో రసాయనాల లోపమని మాత్రమే చెప్పి చేతులు దులుపుకుందామా?

ఇప్పుడు ఒక డాక్టరు సంగతి చెప్పాలి. ఆయన మగవాడే అయినా మన విషయానికి చాలా దగ్గర. విశాఖ జిల్లా నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసిన సుధాకర్ గారు, దళితుడు. 2020 ఏప్రిల్ మొదట్లో డాక్టర్లకు సరిపడా మాస్కులు ఇవ్వటం లేదని అందరి ముందూ అన్నారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో జాతీయ రహదారి మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన దృశ్యం టీవీల్లో అందరూ చూశారు. తాగి గొడవ చేశాడని పోలీసులు అన్నారు. అక్కడి నుంచి కేజీహెచ్‌కు, తర్వాత మానసిక వైద్యశాలకు పంపారు. హైకోర్టు మే 22న సీబీఐ విచారణకు ఆదేశించింది. జూన్‌లో ఆసుపత్రి నుంచి బయటకు వచ్చారు. ఏడాది తిరగకుండానే, 2021 మేలో, గుండెపోటుతో చనిపోయారు.

ఆ రోజు రోడ్డు మీద ఎవరిది ఎంత తప్పో తేల్చటం నా పని కాదు. ఏ పార్టీ ప్రభుత్వమన్నదీ నాకు ముఖ్యం కాదు. నేను గమనించమంటున్నది వేరు. మాస్కు గురించి అడిగిన మనిషి కథ రెండు నెలలు తిరగకుండా మనిషి మతిస్థిమితం గురించిన కథగా మారిపోయింది. అందరూ ఆయన మానసిక స్థితి గురించి చర్చించారు, మాస్కుల సంగతి మరిచిపోయారు. ఈ విద్య ఆడవాళ్ళకు కొత్తది కాదు. ఆస్తిలో వాటా అడిగితే పిచ్చి, మొగుడి మీద కేసు పెడితే పిచ్చి, దేవుడు పూనిందన్నా పిచ్చే, పూనలేదన్నా పిచ్చే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 3వ సెక్షను స్పష్టంగా చెబుతుంది: సమాజంలోని నైతిక, సాంస్కృతిక, వృత్తి, రాజకీయ విలువలకు ఒదిగి ఉండనంత మాత్రాన మనిషికి మానసిక వ్యాధి ఉందని నిర్ణయించకూడదు. ఈ సెక్షను మనం కంఠతా పట్టవలసినది.

ముద్ర భయం వల్లనే మనుషులు సాయం అడగరు. అమెరికాలో ఈ ముచ్చట బాగా బయటపడింది. న్యూయార్కులో అత్యవసర విభాగం నడిపిన డాక్టర్ లోర్నా బ్రీన్ 2020 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నారు. చికిత్స తీసుకుంటే లైసెన్సు పోతుందేమోనని ఆమె భయపడ్డారని కుటుంబం చెప్పింది. ఆమె పేరుతోనే 2022 మార్చిలో ఆరోగ్య సిబ్బంది మానసిక రక్షణకు అక్కడ చట్టం వచ్చింది. ఆ దేశపు ఆసుపత్రుల్లో మన తెలుగు డాక్టర్లూ నర్సులూ ఎంతోమంది ఉన్నారు, వాళ్ళకూ ఇది సంబంధించిన విషయమే. మన దగ్గర లైసెన్సు భయం కన్నా సంసారం భయం ఎక్కువ. హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. మందుల చీటీ అత్తవారింట్లో దొరికితే రేపు కోర్టులో కనిపిస్తుందేమోనని, సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్ళి కూడా పేరు మార్చి రాయించుకునే ఆడవాళ్ళు ఉన్నారు. వైద్యులు ఎందుకు రావటం లేదని ఆశ్చర్యపోతారు, ఆడవాళ్ళకు మాత్రం కారణం తెలుసు.

ప్రజల సంగతి. మన రాష్ట్రాల్లో ఒక్క కేసు కూడా నమోదు కాకముందే, 2020 ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లాలో ఒకాయన తనకు కరోనా వచ్చిందనీ, ఊరికి అంటిస్తాననీ భయపడి ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు వచ్చింది మామూలు జ్వరమే. ఫోనులో చైనా వీడియోలు ఆయనకు చేరాయి, ధైర్యం చెప్పే మనిషి చేరలేదు. గోదావరి ప్రాంతంలో ఒక కుటుంబంలోని ఆడవాళ్ళు సుమారు 15 నెలలు గుమ్మం దాటలేదు. 2021 జూలైలో, ఇంటి స్థలానికి వేలిముద్ర కావాలని వెళ్ళిన వాలంటీరు వల్ల సంగతి బయటపడింది. వేలిముద్ర అవసరం పడకపోతే ఇంకెన్నాళ్ళు ఉండేవారో. వాళ్ళు పిచ్చివాళ్ళు కారు. బయటికి వస్తే చస్తారని రాత్రింబవళ్ళు చెప్పారు, వాళ్ళు నమ్మారు. ఇక బయటికి రావచ్చని అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు.

చావులు కూడా చావుల్లా జరగలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన శవం, ముఖం చూడనివ్వరు, దినం లేదు, పదిమంది వచ్చి ఏడ్చేది లేదు. మన ఊళ్ళలో దుఃఖం తీరే పద్ధతి ఒకటి ఉంది. ఇంటి ముందు చాప వేస్తారు, ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని పేరు పేరునా చెప్పుకుని ఏడుస్తారు. అదంతా అనాగరికమని చదువుకున్నవాళ్ళు నవ్వేవారు. అది లేకుండా పోతే ఏమవుతుందో 2020, 2021లలో తెలిసింది. ఇప్పటికీ తమ మనిషి ఎక్కడో ఆసుపత్రిలో ఉన్నట్టే అనిపిస్తుందని చెప్పే భార్యలు, తల్లులు మీ ఊళ్ళలోనూ ఉండి ఉంటారు.

మందు సంగతి ఒక మాట. లాక్‌డౌన్‌తో దుకాణాలు ఒక్కసారిగా మూసేస్తే తాగుడు మానలేక వణుకు, భ్రమలతో హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం వరుస కట్టారు. తాగుడు రోగమని ప్రభుత్వానికి అప్పుడే తెలిసినట్టుంది! అయినా మే మొదటి వారంలో దుకాణాలు తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో ధర రెండు విడతలుగా 75 శాతం పెంచారు. ఆ పెరిగిన ధర ఏ పొయ్యి మీది కుండలోంచి వచ్చిందో, 1992లో దూబగుంటలో సారా ఉద్యమం నడిపిన ఆడవాళ్ళను అడిగితే చెబుతారు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేను అనను. ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేస్తే ఏడేళ్ళ దాకా శిక్ష పడేలా 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో సవరించారు. కోవిడ్‌తో చనిపోయిన ఆరోగ్య కార్యకర్తల కుటుంబాలకు 50 లక్షల బీమా పెట్టారు, ఆశాలను కూడా అందులో చేర్చారు. అది చావుకు మాత్రమే వర్తించింది. బతికి ఉండి, మనసు విరిగి, డ్యూటీకి వెళ్ళలేకపోయిన మనిషికి అందులో చోటు లేదు. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ మొదలైంది. నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు, ఏ వేళనైనా చెయ్యవచ్చు. దీన్ని ఊరూరా గోడల మీద రాయించండి, నేను పూర్తిగా సమర్థిస్తాను. కాని ఫోనులో అవతలి మనిషి ‘విశ్రాంతి తీసుకోండి’ అంటే, సెలవే లేని ఆశా ఎక్కడ విశ్రాంతి తీసుకుంటుంది?

అందుకని మన పని రెండు వైపులా ఉండాలి. నెలనెలా పీహెచ్‌సీలో ఆశాల సమావేశం జరుగుతుంది. ఆ రోజు మీలో ఇద్దరు ముగ్గురు వెళ్ళండి. రిజిస్టర్లు, టార్గెట్ల మాట అయిపోయాక, అధికారులు వెళ్ళిపోయాక, ఒక గంట కూర్చోండి. సలహాలు ఇవ్వకండి, ‘ధైర్యంగా ఉండాలమ్మా’ అనకండి. కోవిడ్‌లో ఏం జరిగిందో చెప్పమని అడిగి వినండి. ఎవరైనా బతకాలని లేదంటే దాన్ని మామూలు మాటగా తీసుకోకుండా, ఆ రోజే ఆమె పక్కన ఒకరు ఉండేలా చూసి, ఆమె ఒప్పుకుంటే జిల్లా ఆసుపత్రికి తీసుకుపోండి. ప్రభుత్వ ఖర్చుతో మానసిక చికిత్స పొందటం 18వ సెక్షను ప్రకారం ఆమె హక్కు. డాక్టరు లేడంటే, ఎందుకు లేడో రాతపూర్వకంగా అడగండి.

రెండో వైపు, విన్నదాన్ని పేర్లు లేకుండా రాసిపెట్టండి. ఏ నెల డబ్బులు ఏ నెల వచ్చాయి, ఎన్ని మాస్కులు ఇచ్చారు, ఎవరు దూషించారు, ఫిర్యాదు చేస్తే ఏమయింది, కోవిడ్ వచ్చినప్పుడు ఎన్ని రోజులు సెలవు దొరికింది, ఆ రోజుల డబ్బు కోశారా. మండలానికి ఇరవై మంది చెప్పినా ఒక పత్రం తయారవుతుంది. దాన్ని ఆశాల యూనియన్లతో కలిసి జిల్లా వైద్యాధికారికి, కలెక్టరుకు ఇవ్వవచ్చు. జీతంతో కూడిన సెలవు, అంటువ్యాధి డ్యూటీ తర్వాత తప్పనిసరి విశ్రాంతి రోజులు, మానసిక అనారోగ్యానికి కూడా వర్తించే బీమా, ఈ మూడూ అందులో ముందు ఉండాలని నా అభిప్రాయం. నర్సుల సంఘాలు ఇంకా ఏమి చేర్చమంటాయో వాళ్ళనే అడుగుదాం. ఈ మధ్యాహ్నం మనం గుంపులుగా కూర్చున్నప్పుడు ఏ మండలం ఎవరు చూస్తారో పంచుకుంటే, వచ్చే సమావేశానికి మొదటి కాగితాలు చేతిలో ఉంటాయి.